కవళ్ళకు కావలసిన నీరు
(ఇబ్రహీంపట్నంలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఇబ్రహీంపట్నంలో సముద్రపు చేపల మీద ఉపన్యాసమేమిటని మీలో కొందరైనా అనుకుని ఉంటారు. ఇక్కడ రింగు కూడలిలో నిలబడితే హైదరాబాదు రోడ్డు కనిపిస్తుంది, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. బందరు ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆ మాస్టారికి మాత్రం ఆ దూరం ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. జంతుశాస్త్రం క్లాసుకి ఆయన సంతలో కొన్న ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టించుకుని వచ్చేవారు. బెంచీకి నాలుగు చొప్పున పంచి, "ఇది ఆఖరిసారి ఏం తిన్నదో చెప్పండిరా" అనేవారు. కరకరలాడే ఎండుచేప కడుపులో చూడటానికి ఏం మిగులుతుంది? ఆ సంగతి ఆయనకూ తెలుసు. తిన్నదేమిటో తేలకపోతే, అది దొరికే చోటికి వెళ్ళి వెతకాలి కదా అని ఆయన ఎత్తు. అలా పాఠం సముద్రం దాకా సాగేది.

ఆ ప్రశ్ననే ఇవాళ్టి ఉపన్యాసానికి తీసుకున్నాను. చిన్న చేప ఏం తింటుంది? ఆ తిండి ఏ నీటిలో పుడుతుంది? అది పుట్టని ఏడాది దాన్ని తిని బతికేవాటి గతేమిటి? మన ఫెర్రీ ఘాటు ముందు నుంచి పారే కృష్ణకు ఇందులో ఏమైనా వాటా ఉందా?

ముందు చేపల సంగతి. కవళ్ళు, నెత్తళ్ళు, కనగర్తలు. ఇవి అడుగున బతికేవి కావు. పైనీటిలో గుంపులు కట్టి తిరుగుతాయి. కనగర్తకు మన పేరే ప్రపంచమంతా చెల్లుతోంది. ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించి, వాటి కింద స్థానికులు చెప్పిన పేర్లే రాసుకుని 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. శాస్త్రవేత్తలు కనగర్త పేరును అలాగే నిలబెట్టారు. విశాఖ జాలరి నోటి మాట లాటిన్ పేరైంది.

నూనె కవ్వను తాజాగా దొరికినప్పుడు మొప్ప ఎత్తి చూడండి. లోపలివైపు వెంట్రుకల్లా సన్నటి ముళ్ళ వరస ఉంటుంది. నోరు తెరిచి ఈదుతూ పోతే నీరు మొప్పల్లోంచి బయటికి పోతుంది, నీటిలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లవకాలు, ఆ వరసలో చిక్కుకుంటాయి. కడుపు కోస్తే ఆకుపచ్చ, గోధుమ కలిసిన ముద్ద. సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో ఎక్కువ భాగం డయాటమ్‌లు, అంటే గాజులాంటి సిలికా పెంకులో ఉండే ఏకకణ మొక్కలు. పడమటి తీరంలో ఫ్రాజిలేరియా ఓషియానికా అనే ఒక డయాటమ్ ఎంత దట్టంగా కనిపిస్తే నూనె కవళ్ళు అంత బాగా పడతాయని 1955లోనే మన శాస్త్రజ్ఞులు రాశారు. పడవ కట్టి చేపను వెతకక ముందే, చేప తిండిని చూసి చేప రాకను చెప్పవచ్చన్నమాట.

ఈ చేపల ఆయుష్షు తక్కువ. నూనె కవ్వ ఏడాదికే గుడ్లకు వస్తుంది, రెండు మూడేళ్ళు దాటి బతికేది అరుదు. ముసలి చేపలు నిలవ ఉండవు. ఒక్క ఏడాది పిల్ల బతక్కపోతే మరుసటి ఏడాది వలలో ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వంజరం, ట్యూనా, సావళ్ళు, సొరలు, డాల్ఫిన్‌లు, సముద్రపు పక్షులు అన్నీ ఈ నిలవ లేని ఖాతా మీదే బతుకుతున్నాయి. విజయవాడలో వంజరం ముక్క కొనే పెద్దమనిషి కూడా అంతే, ఆయనకు తెలియకపోయినా.

ఇక తిండి. డయాటమ్‌కు వెలుతురు కావాలి, పోషకాలు కావాలి. సముద్రంలో వచ్చిన చిక్కేమిటంటే వెలుతురు పైన ఉంటుంది, చచ్చిన జీవాలు కుళ్ళి వదిలిన నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా అడుగుకు దిగిపోతాయి. ఆ రెండూ కలిసే చోటే చేప పుష్కలంగా ఉంటుంది. సముద్రం బాగుందనో బాగాలేదనో మనం చెప్పుకునేదంతా చివరికి ఈ కలయిక దగ్గరికే వస్తుంది.

కలిపేది గాలి. మన కోస్తా వెంబడి వేసవిలో నైరుతి నుంచి గాలి తీరానికి సమాంతరంగా వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి తోసిన నీరు గాలి దారినే పోకుండా కుడివైపుకు, అంటే నడిసముద్రంలోకి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీరు లేచి వస్తుంది. ఇది కళ్ళతో చూసి లెక్కగట్టిన చోటు మన వాల్తేరే. 1952లో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. సీసాలు, థర్మామీటర్లు పట్టుకుని మన విద్యార్థులతో కలిసి తీరం పొడవునా నీటి వేడిమి, ఉప్పదనం కొలిపించాడు. వసంతంలో నీరు పైకి లేస్తుందని, వర్షాకాలం వెళ్ళాక అదే తీరంలో కిందికి దిగుతుందని అప్పుడు తేలింది. అక్కడే జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి గారు ప్లవకాల లెక్క మొదలుపెట్టారు. మాస్టారు చదువుకున్నది ఆ గాలిలోనే. ఆయన క్లాసులో నెత్తళ్ళు ఊరికే రాలేదు.

అయితే బంగాళాఖాతం అరేబియా సముద్రమంత ధారాళంగా ఇచ్చేది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇవన్నీ ఇందులోనే పడతాయి. పైన కురిసే వాన వేరే. మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద గిన్నెకు మూత పెట్టినట్టు కూర్చుంటుంది. గాలి ఎంత ఊపినా అడుగు నీరు ఆ మూత దాటి రావడం కష్టం. అరేబియా సముద్రంలో నైరుతి గాలికి పచ్చబడే నీరు ఇక్కడ అంతగా పచ్చబడకపోవడానికి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు చెప్పిన కారణం ఇదే. ఆ మూతను బద్దలు కొట్టేది తుఫాను. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ వెళ్ళాక సముద్రం మీద ప్లవకాలు విరగబూసిన సంగతి ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. 1977 నవంబరు 19 తర్వాత దివిసీమలో పుట్టిపెరిగినవాళ్ళ ముందు తుఫానుకు మంచి గుణం కూడా ఉందని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ చేప లెక్క వేరు.

ఇదంతా విన్నాక మీకో సందేహం రావాలి. నది నీరు మూతై కూర్చుంటుందని నేనే అంటున్నాను, అదే నీరు చేపకు మేలని కూడా నేనే అనబోతున్నాను. రెండూ నిజమే. నడి బంగాళాఖాతంలో ఆ నీరు అడ్డు. తీరం పక్కన, పది ఇరవై బారల లోతులో, అదే నీరు అన్నం. నది తెచ్చే సిలికా, నైట్రేట్ నేరుగా వెలుతురున్న చోటే వచ్చి పడతాయి, అడుగు నుంచి లేచి రావలసిన పనే లేదు. మంచినీరు, ఉప్పునీరు ఒరుసుకునే గీత దగ్గర నురుగు, చెత్త, ప్లవకాలు పోగుపడతాయి. కవళ్ళు అక్కడికి చేరతాయి, వాటి వెనక వంజరం చేరుతుంది. పడవ మీద ఉన్నవాడు నీటి రంగు మారిన చోటు చూసి వల వేసేది అందుకే.

నదిని కట్టేస్తే ఈ తీరపు చేప ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచంలో ఒక పెద్ద దాఖలా ఉంది. నైలు నది. ఏటా ఆగస్టు నుంచి ఎర్రటి వరద మధ్యధరా సముద్రంలోకి దూకేది. శరదృతువులో ఈజిప్టు తీరమంతా సార్డిన్‌లు, అంటే మన కవళ్ళ దాయాదులు, గుంపులుగా దిగేవి. 1962లో ఆ దేశం పట్టిన సార్డిన్ దాదాపు 18,000 టన్నులు. 1964 తర్వాత అస్వాన్ హైడ్యామ్ వరదను ఆపేసింది. 1968లో పట్టుబడి ఐదువందల టన్నులకు కూడా చేరలేదు. వలలు అవే, పడవలు అవే, మనుషులు అవే. నీరు రాలేదు, అంతే.

కథ అక్కడితో ఆగి ఉంటే ఉపన్యాసాలకు బాగుండేది. 1980ల నుంచి ఈజిప్టులో చేప మళ్ళీ పెరిగింది. వరద తిరిగి రాలేదు. నైలు డెల్టా పొలాల్లో చల్లిన ఎరువులు, కైరో, అలెగ్జాండ్రియా మురుగు కలిసి పాత వరద తెచ్చినంత పోషకాలను సముద్రంలోకి చేరవేశాయని పరిశోధకులు తేల్చారు. గుండేరు, లజ్జబండ డ్రెయిన్‌లు ఏం మోసుకుపోతాయో తెలిసిన కృష్ణా డెల్టా రైతుకు ఇది కొత్తగా తోచదు. మన యూరియా కూడా సముద్రానికే పోతోంది. కాని యూరియాలో సిలికా లేదు. నైట్రేట్ పెరిగి సిలికా తగ్గితే డయాటమ్‌ల చోటును వేరే జాతి ప్లవకాలు ఆక్రమిస్తాయి. అందులో కొన్ని విషపూరితం, చాలా వాటిని కవ్వ తినదు. అడుగున అవి కుళ్ళితే ప్రాణవాయువు కరువు. చెత్తతో వచ్చిన కలిమిని కలిమిగా లెక్కేసుకోవడానికి నాకు మనసొప్పదు.

ఇక మన లెక్కకు వద్దాం. టీఎంసీల్లో చెప్తే ఈ ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది. కృష్ణా బేసిన్ మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ 2007లో ఒక నివేదిక వేసింది. 1901 నుంచి 1960 దాకా ఏటా సగటున సముద్రానికి చేరిన కృష్ణ నీరు 2,000 టీఎంసీల చిల్లర. 1990 తర్వాతి ఏళ్ళలో అది 750 టీఎంసీల లోపు. 2003 కరువులో ఏడాది మొత్తానికి 26 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ మూడు రాష్ట్రాలకు పంచింది 2,060 టీఎంసీలు. ఈ అంకెను మొదటి అంకె పక్కన పెట్టి చూడండి. ఒకప్పుడు సముద్రానికి పోయినంత నీటినీ మనం కాగితం మీద పంచేసుకున్నాం. ఆ పంపకంలో సముద్రానికి పేరు లేదు. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ నది కనీస ప్రవాహం కోసం 16 టీఎంసీలు పక్కన పెట్టమంది. సుప్రీంకోర్టు వ్యాజ్యాల్లో చిక్కి ఆ తీర్పే అమలుకు నోచుకోలేదు.

"మరి ఈమధ్య వరదలు చూడలేదా?" అని మీరంటారు. చూశాను. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, నమోదైన వాటిలో అదే ఎక్కువ. అదే వారంలో బుడమేరు మీ పక్క ఊళ్ళను, బెజవాడను ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక లెక్క మాత్రం చేశాను. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఆ సెప్టెంబరు ఉధృతిలో దాదాపు ఆరుంపావు గంటలు పారిన నీరు 2003లో ఏడాదంతా పోయిన నీటికి సమానం. చేప కడుపు ఇలాంటి సగటులకు నిండదు. మునుపు జూలైలో మొదలై అక్టోబరు దాకా ఎర్రనీరు విడతలు విడతలుగా దిగేది. ఇప్పుడు ముందు శ్రీశైలం నిండాలి, తర్వాత సాగర్, తర్వాత పులిచింతల. ఆ మిగులు ఒక్కుమ్మడిగా నాలుగు రోజుల్లో పోతుంది. ఒండ్రు జలాశయాల్లోనే కూర్చుంటుంది. నిలిచిన నీటిలో డయాటమ్‌లు పెరిగి, చచ్చి, తమ సిలికాతో సహా అక్కడే అడుగుకు చేరతాయి. కింద వదిలిన నీరు చూడటానికి నీరే, కొంత సారం మాత్రం మీద ఆగిపోయింది. డెల్టా అంచు కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి చెప్పడానికి కూడా ఈ ఆగిపోయిన ఒండ్రే ఒక కారణం.

ఇలస సంగతి ఒక్క మాట. సముద్రంలో ఇలస, నది ఎక్కితే పులస. అదీ కవళ్ళ కుటుంబమే. ఎర్రనీటి వాసన పట్టి ఎదురీదే చేప. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని చోట బ్యారేజీ వచ్చింది. ఆనకట్టలు ఇలసకు అడ్డుపడుతున్నాయని 1870లలోనే చేపల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే ప్రభుత్వానికి రాశాడు. గోదావరిలో అది ధవళేశ్వరం దాకా ఇంకా వస్తోంది, వేలంపాటల వార్తలు మీరు ఏటా చదువుతూనే ఉన్నారు. కృష్ణలో పులస తాతల కబురు. 2015 నుంచి పట్టిసీమ నీరు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి మన ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తోంది. గోదావరి నీరు వచ్చింది గాని, గోదావరి చేప దారి దానితో రాలేదు.

చేప తగ్గడానికి నది ఒక్కటే కారణమంటే అది ఇంకో పొరపాటు. సముద్రానికి తన సొంత ఊగిసలాటలున్నాయి. కాలిఫోర్నియా తీరంలో శాంటా బార్బరా దగ్గర సముద్రపు అడుగు బురదను పొరలు పొరలుగా తీసి, అందులో చేప పొలుసులు లెక్కపెట్టారు. మనిషి మరబోటు కట్టక ముందు కూడా వందల ఏళ్ళుగా సార్డిన్ పెరగడం, పడిపోవడం జరుగుతూనే ఉంది. పెరూ 1970లో ఒక్క నెత్తళ్ళ జాతినే 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టింది. 1972లో పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్‌నినో వచ్చి చల్లటి నీరు పైకి రావడం తగ్గింది. 1973 పట్టుబడి 20 లక్షల టన్నుల లోపు. అంతకు ముందే, 1965 ఎల్‌నినోకు, అక్కడ కోటికి పైగా ఉన్న గ్వానో పక్షులు, అంటే రెట్ట ఎరువుగా పనికొచ్చే సముద్రపు పక్షులు, లక్షల్లోకి పడిపోయాయి. వలల వేట, వేడినీరు ఒకేసారి మీద పడితే పక్షి తేరుకోలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కేరళ. 2012లో అక్కడ దాదాపు నాలుగు లక్షల టన్నుల నూనె కవళ్ళు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. టైపు తప్పు కాదు, మూడు వేలే. 2015 ఎల్‌నినో వేడి, అంతకు ముందు పిల్లచేపతో సహా ఊడ్చిన రింగు వలలు, రెండూ కారణమని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభిప్రాయం. ఇదే చేప 1985 వరకు దాదాపు మొత్తం పడమటి తీరానిదే. తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో లెక్కకు వచ్చేటంత పడసాగింది. నీరు వేడెక్కే కొద్దీ చేప తన ఎల్లలు జరుపుకుంటోందని ఆ సంస్థవారే చెప్పారు. కనగర్త ఇంకో దారి పట్టింది. 1985–89 మధ్య అడుగు ట్రాల్ వలల్లో పడ్డది మొత్తం కనగర్తలో నూటికి రెండు వంతులైతే, 2003–07 నాటికి పదిహేను. పైనీరు కాగితే చేప లోతుకు దిగింది. లోతుకు దిగిన చేపను పక్షి అందుకోలేదు. పైనుంచి దూకి ముక్కుతో పట్టే టెర్న్ పక్షి బారెడు లోతుకు కూడా పోలేదు. పట్టుబడి పట్టికలో చేప ఉంటుంది, పక్షికి మాత్రం ఉండదు.

వేడినీరు వేటాడే జీవిని ఇంకో రకంగానూ దెబ్బ తీస్తుంది. 2015 వేసవి, 2016 వసంతం మధ్య అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా ఒడ్డుకు 62,000 మర్రె పక్షుల కళేబరాలు కొట్టుకొచ్చాయి. మొత్తం చచ్చినవి ఒక్క అలాస్కాలోనే దాదాపు నలభై లక్షలు ఉంటాయని 2024లో లెక్కగట్టారు. ఎక్కువ భాగం ఆకలి చావులే. నీరు వేడెక్కితే చిన్నచేప బక్కచిక్కుతుంది. అదే సమయంలో పెద్దచేపల ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి తిండి ఎక్కువ కావాలి. ఉన్న కొద్దిపాటి చిన్నచేపను అవి లాగేసుకుంటే పక్షులకు ఏం మిగలలేదు. ఇలాంటి కరువుకు ఒక హద్దు గీత ఉందని 2011లో ఏడు మహాసముద్ర ప్రాంతాల పక్షుల లెక్కలు చూసి చెప్పారు. చిన్నచేప నిలవ దాని గరిష్ఠంలో మూడో వంతు కంటే తగ్గితే పక్షుల పిల్లలు బతకడం తగ్గిపోతుంది. వల వేసేవాడు వదలవలసిన వాటా అది.

మన డెల్టాలో ఆ వాటా ఎక్కడికి పోతోందో చూడాలంటే రొయ్యల చెరువు గట్టుకు వెళ్ళాలి. కవళ్ళలో కొంత భాగం చేప పొడి మిల్లుకు, అక్కడి నుంచి మేత బస్తాలోకి చేరుతోంది. 2023లో పెరూ తన నెత్తళ్ళ మొదటి సీజనును రద్దు చేస్తే ప్రపంచ మార్కెట్లో చేప పొడి ధర పెరిగింది. పసిఫిక్‌లో నీరు వేడెక్కితే కైకలూరు రైతు మేత బిల్లు దాకా దాని సెగ తగిలే రోజులివి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా నీటి వేడి, పచ్చదనం చూసి, చేపలు ఎక్కడ ఉండవచ్చో తెలుగులో రోజూ చెబుతోంది. మంచి పని, డీజిలు మిగిలిస్తోంది. కాని ఉన్న చేప ఎక్కడుందో చెప్పగలదు గాని, లేని చేపను తేలేదు.

నా కోరిక చిన్నది. ప్రకాశం బ్యారేజీ నుంచి ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో మనకు రోజూ తెలుస్తుంది. గిలకలదిండి, నిజాంపట్నం రేవుల్లో ఏం పడిందో మత్స్యశాఖ దగ్గర ఉంటుంది. ఈ రెండు పట్టికలను ఎదురెదురుగా ఒకే పేజీలో అచ్చు వేయండి. వదిలిన నీటిలో నైట్రేట్ ఎంత, సిలికా ఎంత అని నెలకొకసారి కొలవండి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, కాలేజీ రసాయనశాస్త్రం ల్యాబ్ చాలు. ఇక్కడున్న అధ్యాపకులు పూనుకుంటే ఫెర్రీ ఘాటు దగ్గర మొదటి సీసా ఈ జూన్‌లోనే నింపవచ్చు. పదేళ్ళ అంకెలు చేతిలో ఉంటే, ట్రిబ్యునల్ ముందు సముద్రం తరఫున వాదించడానికి ఎవరో ఒకరికి కాగితం దొరుకుతుంది. సీసాలు, మొదటి ఏడాది రసాయనాల ఖర్చు నేను ఇస్తాను.